తాతా, ఆ బంటుని వదిలెయ్

పోయిన వారం చదరంగం బోర్డు ఫోటో పెడితే, టమోటా రేట్లు రాసే పేజీలో ఇదేందన్నా అని శానామంది అడిగినారు. రెండు రోజులుగా వాన తుంపర పడతా ఉండాది, చేన్లోకి కాలు పెట్టలేము. కాబట్టి ఈ పొద్దు చదరంగమే రాస్తాను. పొడుగైతాది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

మా పెద్దమ్మాయిని కుప్పంలో ఇచ్చినాము. దాని కొడుక్కి తొమ్మిదేళ్ళు. మొన్న ఎండాకాలం సెలవులకి మా ఇంటికొచ్చినాడు, పుంగనూరు దగ్గర పల్లెకి. వచ్చేటప్పుడు చుట్టేసే ప్లాస్టిక్ బోర్డు ఒకటి బ్యాగులో పెట్టుకోని వచ్చినాడు. 2024 డిసెంబర్లో సింగపూర్లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పటి నుంచి వాడికి ఇదే పిచ్చి. గుకేశ్ పెరిగింది చెన్నైలో అయినా అమ్మానాన్నా తెలుగువాళ్ళే. పద్దెనిమిదేళ్ళకే ఛాంపియన్ అయినాడు. మావాడు అది విని, తనకింకా తొమ్మిదేళ్ళు టైముండాదని లెక్కేసుకున్నాడు.

"తాతా, నీకు ఆడేదానికి వస్తాదా?" అన్నాడు.

వస్తాదా అంటాడా! రచ్చకట్ట మీద సుద్దముక్కతో గళ్ళు గీసి ఆడినోణ్ణి నేను. కూర్చున్నాము. వాడు తెల్లవి, నేను నల్లవి. వాడు మంత్రి ముందర బంటుని రెండు గళ్ళు తోసినాడు. నేనూ అట్లే తోసినాను. వాడు దాని ఎడమపక్క బంటుని, ఒంటె ముందర ఉండేదాన్ని, రెండు గళ్ళు తోసి నా బంటు నోటికి అందేట్టు పెట్టినాడు. చూస్తే దానికి కాపలా ఎవురూ లేరు. పిల్లోడు కదా, చూసుకోలేదులే అనుకోని తినేసినాను. వాడు ఏమీ అనలా. రాజు ముందర బంటుని ఒక గడి తోసినాడు. ఇప్పుడు వాడి ఒంటెకి దారి దొరికింది, నా బంటు మీదికి వస్తాది. సంపాదించుకున్న బంటుని పోనిస్తానా? పక్కనుంచి ఇంకో బంటుని రెండు గళ్ళు తోసి దానికి కాపలా పెట్టినాను. వాడు ఓరగా ఉండే బంటుతో ఆ కాపలాదాన్ని గెలికినాడు. నేను కాపలాకి ఇంకో కాపలా పెట్టినాను. వాడు తిన్నాడు, నేను తిన్నాను. అప్పుడు వాడు మంత్రిని తీసి ఓరగా రెండు గళ్ళు జరిపి, రాజుపక్క గుర్రం నిలబడాల్సిన చోట పెట్టినాడు.

నాకు మొదట అర్థం కాలా. తర్వాత చూస్తే ఆ మూల నుంచి ఈ మూలకి ఓరగా దారంతా ఖాళీ. కొసన నా ఏనుగు నిలబడుండాది. దాన్ని కాపాడాలంటే గుర్రాన్నో ఒంటెనో అడ్డం వేసి పోగొట్టుకోవాల. ఆరు ఎత్తులకే పని అయిపోయింది.

"తాతా, ఆ బంటుని వదిలెయ్యాల. పట్టుకోని కూర్చుంటే ఇట్లే అయితాది" అన్నాడు వాడు. మా ఇంటామె గడపలో కూర్చోని చెనిక్కాయలు ఒలస్తా నవ్వింది. ఆమెకి ఆట రాదు, నా మొహం చూసి నవ్వింది.

వాడు ఆడిన దాని పేరు క్వీన్స్ గాంబిట్. పేరు కొత్త కాదు, 2020లో ఆ పేరుతో సీరియల్ కూడా వచ్చింది. గాంబిట్ అంటే ఆట మొదట్లోనే కావాలని ఒక బంటుని ఇచ్చెయ్యడం. ఇటలీ భాషలో కాలు అడ్డం పెట్టి పడగొట్టే పట్టుని ఒక మాట అంటారు, గాంబిట్ ఆ మాట నుంచే వచ్చిందంట. మన కుస్తీలోనూ ఉండాది కదా ఆ పట్టు. చదరంగంలో ఆ మాట వాడింది స్పెయిన్ దేశంలో రూయ్ లోపెజ్ అనే పాదిరి, 1561లో రాసిన పుస్తకంలో. మనం ఆ బంటుని తినేలోపల, తిన్నదాన్ని కాపాడుకునేలోపల, ఎదుటోడి గుర్రాలూ ఒంటెలూ బయటికొచ్చేస్తాయి. పాతకాలం పుస్తకాల్లో మూడు ఎత్తులు ఒక బంటుకి సమానమని లెక్క. వాడు ఇచ్చేది బంటు, కొనుక్కునేది టైము.

ఇది నాకు తెలీని సంగతి కాదు. తెలిసి కూడా పడినాను. ఎందుకు పడినానో చెప్పాలంటే 1988కి పోవాల.

అప్పుడు నేను మదనపల్లెలో ఇంటర్ చదవతా ఉండాను. నలుగురం కలిసి రూము తీసుకున్నాము. అందులో ఒకడు కుప్పమోడు. వాడి మాటలో తెలుగు, అరవం, కన్నడం మూడూ కలిసి వచ్చేవి. మా ఊరి ఆటలో బంటు మొదటి ఎత్తులో గూడా ఒక్క గడే జరుగుతాది. రాజు కిస్తీ పడకముందు ఒక్కసారి గుర్రం మాదిరి దూకొచ్చు. కుప్పమోడు అది ఆట కాదన్నాడు. బంటు రెండు గళ్ళు పోవచ్చన్నాడు. రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో చోటు మారతాయన్నాడు. మేము వాణ్ణి మోసగాడన్నాము. లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకం తెచ్చి చూపించేదాకా నమ్మలా.

(ఇది మా ఒక్కళ్ళ అవస్థే కాదు. పంజాబులో మియా సుల్తాన్ ఖాన్ అని ఒకాయన మన దేశపు పద్ధతిలోనే ఆట నేర్చుకున్నాడు. తర్వాత ఇంగ్లండుకి పోయి, 1929లో ఒకసారి, 1932, 33లో మళ్ళీ బ్రిటిష్ ఛాంపియన్ అయినాడు. ఓపెనింగుల దగ్గరే ఆయనకి కష్టమయ్యేదంట. బంటు ఒక్కో గడే జరిగే ఆటలో మొదటి పది ఎత్తుల్లో ఎవురూ ఎవుర్నీ తాకరు. అట్లా అలవాటైనోడికి రెండో ఎత్తుకే బంటుని నోటిముందర పెడితే ఏమి చెయ్యాలో ఎట్ల తెలుస్తాది?)

కుప్పమోడు ఆడేది కింగ్స్ గాంబిట్. రాజు ముందర బంటు రెండు గళ్ళు, మనమూ అంతే, వెంటనే రాజుపక్క ఒంటె ముందర బంటుని ఇచ్చేస్తాడు. నేను తినేవాణ్ణి. దాన్ని కాపాడుకునేదానికి గుర్రం ముందర బంటుని రెండు గళ్ళు తోసేవాణ్ణి. వాడి గుర్రం అప్పటికే బయటుంటాది, దాన్ని బంటుతో తరిమేవాణ్ణి. వాడు గుర్రాన్ని తియ్యకుండా రాజుని ఏనుగు చాటుకి పంపేవాడు. గుర్రం గూడా ఊరికే వచ్చింది కదా అని తినేవాణ్ణి. ఒక బంటు, ఒక గుర్రం నా జేబులో. ఇంక నా రాజు ఎదురుగా ఏనుగుకీ మంత్రికీ రాజబాట మాదిరి దారి తెరిచి ఉండేది. పదిహేను ఇరవై ఎత్తుల్లో చచ్చేవాణ్ణి. ఆ గుర్రం ఇచ్చే ఆటకి మూజియో గాంబిట్ అని పేరుండాదని మొన్న మనవడు ఫోన్లో చూపించినాడు. నలభై ఏళ్ళకి దగ్గరపడతా ఉండాది, నన్ను కొట్టిన దాని పేరు ఇప్పుడు తెలిసింది.

ఆటకి ఒక టీ పందెం. బస్టాండు దగ్గర అంగట్లో ఆ రెండేళ్ళు వాడు తాగిన టీలకి సగం డబ్బులు నావే. వాడు గెలిచినాక ఒకటే మాట అనేవాడు: "ఏమప్పా, తినమని పెడితే తింటావు, పెట్టినోడు ఎందుకు పెట్టినాడని అడగవా?" ఆ మాటకి నాకు రోషమొచ్చేది. మరుసటి రోజు మళ్ళీ తినేవాణ్ణి, ఈసారి ఇంకా గట్టిగా పట్టుకుందామని.

పెద్దోళ్ళకీ ఈ రోషం తప్పలేదులెండి. 1960లో అర్జెంటీనాలో మార్ డెల్ ప్లాటా టోర్నమెంటులో స్పాస్కీ ఇదే కింగ్స్ గాంబిట్ ఆడి ఫిషర్‌ని ఓడించినాడు. ఫిషర్ ఊరికే ఉండలా. మరుసటి ఏడాది ఒక పత్రికలో ఈ గాంబిట్ పని అయిపోయిందని పెద్ద వ్యాసం రాసినాడు. బంటుని తిని, మూడో ఎత్తుకి మంత్రి ముందర బంటుని ఒక్క గడి తొయ్యాలని దాని సారాంశం. తమాషా ఏందంటే, తర్వాత ఆ ఫిషరే తెల్లవి తీసుకోని కింగ్స్ గాంబిట్ ఆడి ఆటలు గెలిచినాడు.

ఇంటర్ అయిపోయినాక నేను ఊరికొచ్చేసినాను. నాయన చేతకానోడైనాడు, మూడెకరాలూ ఒక బావీ. చదరంగం లేదు ఏమీ లేదు. బావి ఎండిపోయి బోరు వేసినాము, ఆ బోరు పోయి ఇంకోటి వేసినాము. టమోటా మొదలుపెట్టినాము. టమోటాకి పెట్టుబడి ముందు పెట్టాల. నారు, కట్టెలు, తీగ, మందులు, డ్రిప్పు, కోత కూలి, అన్నీ కాయ రాకముందే. ఆ డబ్బు ఎవురిస్తారు? మండీ ఆయన ఇస్తాడు. కాగితం లేదు, సంతకం లేదు, వడ్డీ గూడా అడగడు. ఒకటే షరతు. కాయ ఆయన మండీకే రావాల.

మీలో సగం మందికి నేను చెప్పేది తెలుసు. నేను మొదట తీసుకున్నది ఇరవై వేలు. తినమని పెట్టినారు, తిన్నాను. కుప్పమోడు అడిగిన మాట ఆ పొద్దు గుర్తుకు రాలా. పంట అయినాక లెక్క చూస్తే కమీషను పోయి, క్రేట్ల బాడుగ పోయి, అడ్వాన్సులో సగం తీరేది. మిగతాది తీర్చేస్తానంటే, "ఎందుకప్పా తొందర, ఉండనీ, వచ్చే పంటకి ఇంకో పదేలు తీసుకో" అనేవాడు. నాకూ అదే బాగుండేది. చేతిలో డబ్బుంటే ధైర్యం కదా. అట్లా పద్నాలుగేళ్ళు. ఇరవై వేలు లక్షా ఇరవై వేలు అయింది. ఒకరోజు కోలారులో రేటు బాగా పలికింది. పక్క చేనాయన క్రేట్లు బండికెత్తి రాత్రికి రాత్రి పోయినాడు. నేను పోలేకపోయినాను. ఆ పొద్దు క్రేటుకి ఎంత పోగొట్టుకున్నానో ఇప్పటికీ నోటిలెక్క చెప్పగలను, రాస్తే మళ్ళీ నిద్ర పట్టదు.

ఆ మండీ ఆయన చెడ్డోడని నేను చెప్పడంలా. మా అమ్మాయి పెండ్లికి రాత్రి పదకొండు గంటలకి డబ్బు పంపించినాడు, ఏ బ్యాంకు పంపిస్తాది? ఇక్కడ చదరంగంతో పోలిక కొంచెం తప్పతాది. బోర్డు మీద బంటు ఇచ్చేవాడు నీ ఇంటి శుభకార్యానికి రాడు. కానీ నేను తిన్నదానికి కాపలా, ఆ కాపలాకి ఇంకో కాపలా పెట్టుకుంటా పోయినాను. అది మాత్రం రెండు చోట్లా ఒకటే.

2023 జూలై గుర్తుండాది కదా. మదనపల్లెలో కిలో నూరు దాటిన కాలం. నాకు ఎకరా తోట కాపుకొచ్చి ఉండింది, దేవుడి దయ. రాత్రిళ్ళు నేనూ మా చిన్నోడూ చేన్లోనే మంచం వేసుకోని కాపలా. ఆ డబ్బు చేతికొచ్చినప్పుడు మా ఇంటామె ఇంటిపైన ఒక రూము వేద్దామనింది. న్యాయమే, ఎన్నేళ్ళుగానో అడగతా ఉండాది. నేను పోయి లక్షా ఇరవై వేలు ఒకేసారి మండీ బల్ల మీద పెట్టేసినాను. ఆయన లెక్కపెట్టుకోలా. "కోపం వచ్చిందా?" అని అడిగినాడు. లేదన్నాను. ఇంట్లో మాత్రం మూడు రోజులు సంగటి నేనే కెలుక్కున్నాను. రూము ఇప్పటికీ పడలా. కాయ ఎక్కడ రేటుంటే అక్కడికి పోతా ఉండాది. కొన్నిసార్లు పలమనేరు, కొన్నిసార్లు వి.కోట, ఎక్కువసార్లు పాత మండీకే. ఇప్పుడు ఆయన నాకు టీ చెప్తాడు, ఇదివరకు చెప్పేవాడు కాదు.

చేన్లో ఇంత తెలిసినోడు బోర్డు మీద మళ్ళీ బంటుని పట్టుకోని వేలాడినాడు చూడండి. తొమ్మిదేళ్ళోడు చెప్పాల్సొచ్చింది.

సరే, వాడు నేర్పించింది చెప్తాను, ఆడేవాళ్ళకి పనికొస్తాది. క్వీన్స్ గాంబిట్‌కి జవాబు రెండు రకాలు. ఒకటి తినకుండా ఉండటం. రాజు ముందర బంటుని ఒక గడి తోసి మన బంటుకి ఆసరా పెడతాము. గట్టి ఆట, కానీ మంత్రిపక్క ఒంటె ఆ బంటు వెనకాల దొడ్లో కట్టేసిన ఎద్దు మాదిరి ఉండిపోతాది. దాన్ని బయటికి తెచ్చేదానికే సగం ఆట. 1927లో కపాబ్లాంకా, అలేఖిన్ ప్రపంచ పట్టం కోసం బ్యూనస్ ఏరిస్‌లో ఆడిన 34 ఆటల్లో 32 ఈ తినకుండా ఉండే ఆటే. గుకేశ్ సింగపూర్లో గెలిచిన మొదటి ఆట, మూడోది, అదీ ఇదే. డింగ్ లిరెన్ తినకుండా ఆసరా పెట్టినాడు, గుకేశే బంట్లు మార్చుకున్నాడు, చివరికి 37వ ఎత్తు దగ్గర డింగ్‌కి టైము అయిపోయింది.

రెండోది తినడం. తినొచ్చు, తప్పేమీ లేదు. తిని దాన్ని మర్చిపోవాల, అదే కిటుకు. వాడు ఆ బంటుని మళ్ళీ తీసుకునేదానికి ఒంటెని కదిలించాల కదా. ఆ లోపల మన గుర్రం బయటికి, రాజు ముందర బంటు ఒక గడి. వాడు తీసుకున్న వెంటనే మనం ఒంటె ముందర బంటుని రెండు గళ్ళు తోసి వాడి నడిమధ్య బంటుని తగులుకోవాల. లెక్కకి బంట్లు సమానం, మన ఒంటెకి దారుండాది, రాజు ఏనుగు చాటుకి పోయేదానికి టైముండాది. వాడు బంటు ఇచ్చి కొన్న టైములో సగం మనకి తిరిగొచ్చినట్టే.

కింగ్స్ గాంబిట్‌కీ అట్లాంటిదే ఉండాదన్నాడు. తిను. వాడు గుర్రం బయటికి తీసినాక గుర్రం ముందర బంటు జోలికి పోకుండా, మంత్రి ముందర బంటుని రెండు గళ్ళు తోసి వాడికే తినమని పెట్టు. వాడు తింటాడు. ఆ తర్వాత గుర్రాన్ని బయటికి తియ్యి. అంతే. తిన్న బంటుకి బదులు బంటు ఇచ్చేసినాము. మన ఒంటెలు రెండూ స్వేచ్ఛగా ఉండాయి. నలభై సెకన్లలో చెప్పేసినాడు. 1988లో నాకు ఎన్ని టీలు మిగిలేవో!

మే నెలలో వాణ్ణి దిగబెట్టేదానికి కుప్పం పోయినాము, గంగమ్మ జాతర చూసినట్టూ ఉంటాదని. పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. కిటికీ పక్కన కూర్చోని వాడు దారి పొడుగునా ఎత్తులు నోటితో చెప్తా ఉండాడు, నేను జవాబు చెప్పాల. బస్సులో బోర్డు లేకుండా ఆడేదానికి నా తలకాయ చాలదు. వి.కోట దాటకముందే రెండు గుర్రాలు ఎక్కడుండాయో మర్చిపోయినాను.

జాతరనాడు ఊరంతా రోడ్ల మీదే. మేము మధ్యాహ్నం ఎండకి ఇంట్లోనే ఉండి బోర్డు పరిచినాము. వాడు క్వీన్స్ గాంబిట్ ఆడినాడు, నేను తిన్నాను, వదిలేసినాను, వాడు తీసుకున్నాడు, నేను బంటుతో తగులుకున్నాను. వాడి మొహంలో సంతోషం లేదు. గంటన్నర పట్టింది. చివరికి రెండు రాజులూ చెరో బంటూ మిగిలి డ్రా అయింది. అల్లుడు మాత్రం "మామా, మీరేనా?" అన్నాడు.

రెండో ఆటకి వాడు కాసేపు ఆలోచించినాడు. రాజు ముందర బంటుని రెండు గళ్ళు తోసినాడు. నేనూ తోసినాను. వాడు ఒంటె ముందర బంటుని తీసి నా నోటి ముందర పెట్టినాడు.

కుప్పంలో కూర్చోని, నల్లవి పట్టుకోని, అదే బంటుని మళ్ళీ చూసినాను. ఇంటర్ రూములో చాప, కిరసనాయిలు స్టవ్వు వాసన, అన్నీ వచ్చేసినాయి. ఆ జతగాడు ఇప్పుడు ఎక్కడుండాడో తెలీదు. మదనపల్లె వదిలినాక ఒక్క ఉత్తరం రాసినాడు, నేను జవాబు రాయలేదు. కుప్పంలో ఎవురైనా చదవతా ఉంటే, మూడు భాషలు కలిపి మాట్లాడేవాడు, ఎడమచేత్తో ఎత్తులు వేసేవాడు, ఇప్పుడు యాభై నాలుగో యాభై అయిదో ఉంటాయి. ఎవురికన్నా తెలిస్తే ఈ పోస్టు చూపించండి.

తిన్నాను. వాడు గుర్రం తీసినాడు. నేను మంత్రి ముందర బంటుని రెండు గళ్ళు తోసినాను. అంతలో మా అమ్మాయి అన్నానికి పిలిచింది, తర్వాత జాతరకి పోయినాము, మరుసటి పొద్దున బస్సు. ఆట అట్లే ఆగిపోయింది. పోయిన వారం పెట్టిన ఫోటో ఆ ఆటదే. మా ఇంట్లో పాత అట్టముక్క మీద గళ్ళు గీసి అవే ఎత్తులు పేర్చి పెట్టుకున్నాను. ఆదివారాలు వాడు ఫోన్ చేసి ఒక ఎత్తు చెప్తాడు, నేను ఒకటి చెప్తాను. ఇప్పటికి పదకొండు అయినాయి. నల్లవి నావి, ఎత్తు నాది. బంట్లు సమానం.